ఫిలిప్పీన్ విజ్ఞానశాస్త్ర చరిత్రరచన - బెరిబెరి అధ్యాయం: ఒక విమర్శ

వ్యాససంగ్రహం

ఫిలిప్పీన్స్ విజ్ఞానశాస్త్ర, సాంకేతిక చరిత్రను రాసినవారు ఎక్కువగా రెండు ప్రశ్నలకు సమాధానం వెతికారు. ఏ పాలకులు ఏ సంస్థను నెలకొల్పారు? ఏ ఆవిష్కరణ ఎవరిది? బెరిబెరి వ్యాధి వృత్తాంతాన్ని ఆధారం చేసుకొని ఈ రెండు ప్రశ్నల పరిమితిని ఈ వ్యాసం విమర్శిస్తుంది. వ్యాధికీ మరపట్టిన బియ్యానికీ ఉన్న సంబంధం 1910 నాటికే మనీలాలో స్పష్టమైంది. చౌకైన నివారణ మార్గమూ తెలిసింది. అయినా మరణాలు మరో నాలుగు దశాబ్దాల పాటు ఎందుకు కొనసాగాయన్న ప్రశ్నను ఆ చరిత్రలు పక్కకు నెట్టాయని ఇక్కడి ప్రతిపాదన.

కీలకపదాలు: ఫిలిప్పీన్స్, విజ్ఞానశాస్త్ర చరిత్ర, బెరిబెరి, తవుడు, థయమిన్, వలస పాలన, చరిత్రరచన

ఉపోద్ఘాతం

ఫ్లోరోసెంట్ దీపాన్ని కనిపెట్టినవాడు అగాపితో ఫ్లోరెస్ అనే ఫిలిప్పీన్ దేశస్థుడని, అతని ఇంటిపేరు మీదనే దీపానికి ఆ పేరు వచ్చిందని ఆ దేశంలో తరాల తరబడి పిల్లలు నేర్చుకున్నారు. ఇది నిజం కాదు. 'ఫ్లోరెసెన్స్' అన్న మాట ఫ్లోరైట్ అనే ఖనిజం పేరునుండి పుట్టింది. 1852లో బ్రిటిష్ శాస్త్రవేత్త స్టోక్స్ దాన్ని వాడుకలోకి తెచ్చాడు. ఇక దీపం విషయానికొస్తే, ఐరోపాలోనూ అమెరికాలోనూ అనేకులు చేసిన కృషి ఫలితంగా 1938లో అది అమెరికా విపణిలోకి వచ్చింది. చంద్రునిపై నడిచిన వాహనాన్ని రూపొందించింది ఎడువర్దో సాన్ హువాన్ అన్న ప్రచారం కూడా ఇలాంటిదే. ఫిలిప్పీన్ శాస్త్రవేత్తలే ఈ కథలను ఖండించారు. అయినా అవి పూర్తిగా పోలేదు.

అబద్ధమని తేలిన కథ ఎందుకు బతుకుతుందో ఆలోచించవలసి ఉంది. 'మీకు విజ్ఞానశాస్త్రం ఇచ్చింది మేము' అని మరొకరు అంటున్న చోట 'మేమే ముందు కనిపెట్టాం' అన్న మాట పుడుతుంది. అందువల్ల ఈ జానపద గర్వాన్ని ఎగతాళి చేసి ఊరుకోవడం విమర్శకునికి తగదు. ఆ గర్వం ఏ కథనానికి జవాబుగా పుట్టిందో ఆ కథనాన్ని కూడా పరీక్షించాలి.

సంస్థల చరిత్ర

ఫిలిప్పీన్స్ విజ్ఞానశాస్త్ర చరిత్రపై సమగ్రమైన స్థూలరేఖను ఇచ్చిన రచనగా 1980లలో వెలువడిన ఒలీవియా కావోయిలి అధ్యయనాన్ని చెప్పుకోవాలి. స్పానిష్ పాలనకు పూర్వం, స్పానిష్ కాలం, అమెరికన్ కాలం, స్వాతంత్ర్యానంతరం అనే విభజనను ఆమె పాటించారు. తరువాత రాసినవారిలో చాలామంది ఈ చట్రాన్ని యథాతథంగా స్వీకరించారు. ఈ చట్రంలో ప్రధాన ఘట్టాలన్నీ స్థాపనలే: 1611లో శాంతో తోమాస్ విశ్వవిద్యాలయం, 1865లో జెసూట్ మతగురువుల మనీలా వేధశాల, 1901లో అమెరికన్ ప్రభుత్వం నెలకొల్పిన ప్రయోగశాలల విభాగం, 1905లో దానికే 'బ్యూరో ఆఫ్ సైన్స్' అన్న కొత్త పేరు, 1908లో ఫిలిప్పీన్స్ విశ్వవిద్యాలయం.

కావోయిలి రచన వలస పాలనను పొగిడేది కాదు. పరాధీనమైన ఆర్థిక వ్యవస్థలో స్వతంత్రమైన శాస్త్ర సాంకేతిక పునాది ఎందుకు ఏర్పడలేదన్నదే ఆమె ఆవేదన. అయితే సంస్థను కొలమానంగా తీసుకున్నప్పుడు ఒక చిక్కు తప్పదు. సంస్థకు స్థాపన తేదీ ఉంటుంది, అధిపతి ఉంటాడు, పత్రిక ఉంటుంది. బ్యూరో ఆఫ్ సైన్స్ 1906 నుండి నడిపిన 'ఫిలిప్పీన్ జర్నల్ ఆఫ్ సైన్స్' ఈనాటికీ పరిశోధకులకు తరగని గని. కాని ఆ పత్రికలో అచ్చయిన జ్ఞానం ప్రయోగశాల గడప దాటి ఎవరి వంటింటికి చేరిందో, ఎవరి వంటింటికి చేరలేదో సంస్థల చరిత్ర చెప్పలేదు. 1945 ఫిబ్రవరిలో మనీలా కోసం జరిగిన యుద్ధంలో ఆ బ్యూరో భవనమూ దాని సేకరణలూ ధ్వంసమయ్యాయన్న దుఃఖాన్ని కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి. మిగిలిన ఆధారాలలో అచ్చుకెక్కిన పత్రాలదే పైచేయి కావడానికి అదీ ఒక కారణమే. అచ్చుకెక్కనిది చరిత్రకూ ఎక్కలేదు.

ఈ లోపం ఎంతటిదో తెలుసుకోవడానికి బెరిబెరి వంటి ఉదాహరణ మరొకటి దొరకదు.

బిలిబిద్ నుండి 1910 వరకు

బెరిబెరి బి1 విటమిన్, అంటే థయమిన్, లోపం వల్ల వచ్చే జబ్బు. కాళ్లు తిమ్మిరెక్కి పట్టుతప్పుతాయి, కొందరిలో ఒళ్లు నీరు పడుతుంది, చివరకు గుండె ఆగిపోతుంది. వరిగింజ పైపొరలోనూ మొలకలోనూ ఉండే థయమిన్ మరపట్టినప్పుడు తవుడుతో పాటే పోతుంది. అన్నమే ప్రధానాహారమై, కూరా పప్పూ చేపా అంతంతమాత్రంగా ఉన్న ఇళ్లలో ఈ నష్టం ప్రాణాంతకమవుతుంది.

అమెరికన్ల ఆక్రమణ తొలి ఏళ్లలో, 1901-02 మధ్య, మనీలాలోని బిలిబిద్ కారాగారంలో వేల సంఖ్యలో ఖైదీలు ఈ జబ్బున పడ్డారు. సైన్యంలో చేరిన ఫిలిప్పీన్ స్కౌట్లలోనూ ఏటా వందలమంది దీని బారిన పడేవారు. కారణం కోసం ప్రపంచమంతటా వెతుకులాట సాగుతున్న కాలమది. జపాన్ నౌకాదళంలో తకాకి భోజనం మార్చి చూపాడు. బటేవియాలో ఐక్‌మన్ కోళ్లకు తెల్లబియ్యం పెట్టి జబ్బు రప్పించాడు. అక్కడే గ్రీన్స్ దాన్ని ఆహారలోపమని 1901లో వివరించాడు. మలయాలో ఫ్రేజర్, స్టాంటన్ బియ్యాన్నే నేరుగా పరీక్షించారు. మనీలాలో అమెరికన్ సైనిక వైద్యులు చేంబర్లెన్, వెడర్ ఈ దారినే నడిచారు. 1910లో స్కౌట్ల భోజనంలో తెల్లబియ్యానికి బదులు పైపొర పోని బియ్యం ప్రవేశపెట్టగా రెండు మూడేళ్లలో వారిలో జబ్బు దాదాపు మాయమైంది. అదే ఏడాది మనీలాలో సమావేశమైన ఉష్ణమండల వైద్యుల మహాసభ మరపట్టిన తెల్లబియ్యమే వ్యాధికి మూలమని తీర్మానించింది. ఆరోగ్యశాఖాధిపతి విక్టర్ హైజర్ చొరవతో ప్రభుత్వ సంస్థలన్నిటిలో తెల్లబియ్యం వాడకాన్ని నిలిపివేస్తూ ఉత్తర్వు వెలువడింది.

హైజర్ 1936లో ప్రచురించిన ఆత్మకథ అమెరికాలో విపరీతంగా అమ్ముడుపోయింది. దాని పేరులోనే 'ఒడిస్సీ' ఉంది. నావికుడు వైద్యుడు, దీవులన్నీ అతని మజిలీలు. అలాంటి కథకు విజయంతోనే ముగింపు కుదురుతుంది. కాని 1910 ఉత్తర్వు వర్తించిందెవరికి? ఖైదీలకు, సిపాయిలకు, కుష్ఠురోగుల దీవి కులియన్‌లోని నిర్బంధితులకు, ఆసుపత్రి రోగులకు. అంటే ప్రభుత్వం వండిపెట్టే కంచాలకు మాత్రమే. తన బియ్యం తాను కొనుక్కునే కూలీకీ, అతని భార్యకూ వర్తించే నిషేధం గాని సుంకం గాని రాలేదు. ఎవరి శరీరంపై ప్రభుత్వానికి పూర్తి అధికారం ఉందో వారికే విజ్ఞానఫలం అందింది. ఇది వింతగా తోచినా వలస పాలనలో వైద్యం నడిచిన తీరుకు ఇంతకన్న సూటి నిదర్శనం లేదు.

తాఓన్: తల్లిపాలు, కుక్కపిల్లలు

పాలు తాగే పసిబిడ్డ ఉన్నట్టుండి ఏడ్చి, గొంతు పోయి, నీలంగా మారి గంటల్లో చనిపోయే స్థితిని తగలాగ్ తల్లులు 'తాఓన్' అని పిలిచేవారు. ఇది బెరిబెరియేనని, తల్లి ఆహారలోపం పాల ద్వారా బిడ్డకు సంక్రమిస్తోందని నిర్ధారించే కృషిలో హోసే ఆల్బర్ట్, మనువేల్ గెర్రెరో, హొవాకీన్ కింతోస్ వంటి ఫిలిప్పీన్ వైద్యులు ముందు నిలిచారు. వీరిది స్పానిష్ భాషలో సాగిన వైద్యవిద్య. అమెరికన్ సంస్థల చరిత్రను ఇంగ్లీషు పత్రాల ఆధారంగా రాసేవారికి ఈ తరం మసకగానే కనిపిస్తుంది. 1901తో ఆధునిక విజ్ఞానం మొదలైందనే కథనం నిలబడేది ఈ మసకలోనే.

1912లో ఆండ్రూస్ అనే వైద్యుడు ఒక ప్రయోగాన్ని ప్రచురించాడు. బెరిబెరితో బిడ్డలను పోగొట్టుకున్న తల్లుల చేత కుక్కపిల్లలకు పాలిప్పించి, ఆ కుక్కపిల్లల్లో జబ్బు లక్షణాలను గమనించాడు. శిశు బెరిబెరి చరిత్రలో ఈ ప్రయోగాన్ని ఒక మైలురాయిగా పేర్కొంటారు. శాస్త్రపరంగా అది నిజమే. కాని ఆ తల్లులెవరు, వారిని ఎలా ఒప్పించారు, బిడ్డ పోయిన రొమ్ముకు కుక్కపిల్లను పట్టిస్తే వారికేమనిపించింది అన్న ప్రశ్నలను మైలురాళ్ల చరిత్ర అడగదు. జాతీయవాద చరిత్ర కూడా అడగదు. ఎందుకంటే దానికి కావలసినది కనిపెట్టిన ఫిలిప్పీన్ వైద్యుని పేరు. పేరులేని ఈ స్త్రీలు ఇద్దరికీ అక్కరలేదు. నా దృష్టిలో మాత్రం తవుడుకూ శిశుమరణానికీ మధ్య లంకెను రుజువు చేసినవారిలో వారూ ఉన్నారు.

ఒకసారి లంకె తెలిశాక మందు దొరికింది. తవుడు సారాన్ని తీసి చుక్కలుగా పట్టిస్తే చావుకు దగ్గరైన బిడ్డ ఒకటి రెండు రోజుల్లో తేరుకునేది. తవుడుకు స్థానిక భాషలో ఉన్న 'తికితికి' అన్న పేరే మందుకూ స్థిరపడింది. బ్యూరో ఆఫ్ సైన్స్ దీన్ని తయారుచేసి పంచింది. ఔషధ నిపుణుడు మనువేల్ సమోరా సీసాల్లో నింపి అమ్మిన తికితికి ఇంటింటా తెలిసిన పేరైంది. ఈనాటి 'ఫిలిప్పీన్ ఆవిష్కర్తల' జాబితాల్లో సమోరా పేరు తప్పక కనిపిస్తుంది. ఫ్లోరెస్‌లా ఇది కల్పన కాదు కనుక సంతోషించవలసిందే. అయినా ఒక అసంగతం కళ్లముందే ఉంది. మరలో బియ్యం నుండి తవుడు తీసేశారు. దాన్ని పందులకూ గుర్రాలకూ వేశారు. అందులో కొంత భాగాన్ని మళ్లీ తెచ్చి, సారం తీసి, సీసాలో పోసి, ఆ బియ్యమే తిన్న తల్లి బిడ్డకు మందుగా ఇచ్చారు. ఈ చక్రాన్ని 'ఆవిష్కరణ' అన్న ఒక్క మాట కప్పేస్తుంది.

రోలు, రోకలి, మర

తగలాగ్‌లో రోలును 'లుసోంగ్' అంటారు, రోకలిని 'హాలో' అంటారు. దంపిన బియ్యంలో కొంత తవుడు మిగిలేది. పందొమ్మిదో శతాబ్దం చివరి పాదంలో చక్కెరకూ మనీలా జనపనారకూ భూములు మళ్లడంతో ఆ దేశం బియ్యం దిగుమతి చేసుకునే స్థితికి వచ్చింది. సైగాన్ నుండి ఓడల్లో వచ్చేది ఆవిరి మరల్లో తెల్లగా రుద్దిన బియ్యం. తేమలో ఎక్కువకాలం నిలవుంటుంది, పురుగు తక్కువ పడుతుంది, కంచంలో తెల్లగా కనిపిస్తుంది. వ్యాపారికి అన్ని విధాలా లాభం. ఆ తరువాత దేశంలోనూ మరలు వెలిశాయి.

మరను నిందించి దంపుడు బియ్యాన్ని కీర్తించడం సులభం. మన సాహిత్యంలో దంపుళ్ల పాటలను మురిపెంగా చదివే మనకు అది మరీ సులభం. కాని తెల్లవారక ముందే లేచి రోకలి పోటు వేసిన స్త్రీకి మర ఒక విముక్తి కూడా. ఆ విముక్తికి మూల్యంగా ఆమె పాలలోని సత్తువ పోయింది. సాంకేతిక చరిత్ర అంటే ఈ ఇచ్చిపుచ్చుకోలును లెక్కకట్టడం. ఫిలిప్పీన్స్ సాంకేతిక చరిత్రలో ఇఫుగావో వరిమెట్ల ప్రాచీనత గురించి ఎంతో చర్చ జరిగింది. అవి రెండువేల ఏళ్లనాటివా, కొన్ని శతాబ్దాల నాటివా అన్న వాదం ఇంకా సాగుతోంది. ఊరూరా నిలిచిన మర మాత్రం అంతటి చర్చకు నోచుకోలేదు. గర్వించడానికి అందులో ఏమీ లేదు కాబోలు.

వార్విక్ ఆండర్సన్ 2006లో ప్రచురించిన 'కలోనియల్ పాథాలజీస్' ఈ రంగంలో దృష్టినే మార్చిన గ్రంథం. అమెరికన్ వైద్యం ఫిలిప్పీన్ శరీరాన్ని మురికిగా, ప్రమాదకరంగా చిత్రించి, పరిశుభ్రత పేరిట దాన్ని ఎలా క్రమశిక్షణలో పెట్టిందో ఆయన గట్టిగా నిరూపించారు. హైజర్ ఒడిస్సీకి అది సరైన సమాధానం. అయితే ఆ విశ్లేషణకు కేంద్రం జాతి, మలం, సూక్ష్మజీవి, అలవాటు. బెరిబెరి ఈ చట్రంలో సరిగా ఇమడదు. ఇక్కడ ప్రజల అలవాటు మురికిది కాదు. పైగా అతిగా 'శుభ్రపరచిన' ఆహారమే చంపింది. నేరం వర్తకానిది. వలస వైద్యాన్ని విమర్శించడానికి శరీరరాజకీయం ఎంత అవసరమో, మరలూ పన్నులూ దిగుమతులూ అంత అవసరమన్నది ఈ వ్యాసం చేర్చదలచిన మాట.

నెల్లూరులో పుట్టిన రసాయనికుడు, బతాన్ ప్రయోగం

1910లో వెడర్ తవుడు సారాన్ని బ్యూరో ఆఫ్ సైన్స్‌లోని ఒక యువ రసాయనికుని చేతికిచ్చి, ఇందులోని అసలు పదార్థమేదో తేల్చమన్నాడు. అతడు రాబర్ట్ ఆర్. విలియమ్స్. 1886లో నెల్లూరులో, అమెరికన్ బాప్టిస్టు మిషనరీల కుటుంబంలో పుట్టినవాడు. మనీలా వదలి అమెరికా వెళ్లాక వేరే ఉద్యోగం చేస్తూనే పాతికేళ్లు ఆ పదార్థం వెంటపడి, 1936లో థయమిన్ నిర్మాణాన్ని నిర్ణయించి దాన్ని కృత్రిమంగా తయారుచేశాడు. తెలుగు పాఠకునికి ఈ జన్మస్థలం ఊరికే ఆసక్తి కలిగించే విషయం కాదు. ఉత్తర సర్కారులు బెరిబెరికి పేరుమోసిన ప్రాంతం. దానిపై మాల్కంసన్ రాసిన వైద్యగ్రంథం 1835లోనే మద్రాసులో అచ్చయింది. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో ఈ జబ్బు అరుదని, పచ్చిబియ్యం మరపట్టించి తినే సర్కారుల్లో కనిపిస్తుందని తరువాతి పరిశోధకులు గుర్తించారు. వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు థయమిన్ గింజలోపలికి ఇంకుతుంది. అందుకే మర దాన్ని పూర్తిగా తీసేయలేదు. మన పల్లెల వంటింటి సాంకేతికత చేసిన ఈ మేలుకు కూడా ఆవిష్కర్త పేరు లేదు.

1948లో విలియమ్స్ మళ్లీ ఫిలిప్పీన్స్‌కు సంబంధించిన పనిలోకి దిగాడు. ఈసారి అతనితో కలిసి నడిపినవాడు ఫిలిప్పీన్ వైద్యుడు హువాన్ సాల్సెదో. థయమిన్, నియాసిన్, ఇనుము పట్టించిన గింజలను ఒకటికి రెండువందల వంతున మామూలు బియ్యంలో కలిపి బతాన్ రాష్ట్రంలో ఒక భాగానికి అందించారు. మిగిలిన భాగాన్ని పోలిక కోసం అలాగే ఉంచారు. కలిపిన బియ్యం తిన్న చోట బెరిబెరి మరణాలు వేగంగా పడిపోయాయి. 1952లో బియ్యాన్ని ఇలా బలపరచడాన్ని తప్పనిసరి చేస్తూ 832వ చట్టం వచ్చింది. సాల్సెదో 1978లో 'జాతీయ శాస్త్రవేత్త' గౌరవం పొందాడు.

జాబితాల చరిత్ర ఇక్కడ మళ్లీ చప్పట్లు కొట్టి ఆగిపోతుంది. ఆ తరువాత జరిగింది వేరు. బతాన్‌లో సఫలమైనది దేశమంతటా అమలు కాలేదు. మిల్లు యజమానులు సహకరించలేదు. పోషకాహార నిపుణులు పదే పదే చెప్పిన కారణం వినడానికి చాలా సాదాగా ఉంటుంది. బలపరచిన గింజలను ప్రతి రెండువందల పాళ్లకు ఒక పాలు కొనాలి. ఎన్ని కొన్నారో తెలిస్తే మిల్లులో ఎంత బియ్యం ఆడిందో ప్రభుత్వానికి తెలిసిపోతుంది. అసలు లెక్క తెలిస్తే అసలు పన్ను కట్టాలి. విటమిన్ కలిపే నిష్పత్తియే పన్ను అధికారికి లెక్కల పుస్తకమైంది. 1910లో వెడర్‌కు తెలియని రసాయనం 1936లో తెలిసింది. 1948లో దాన్ని బియ్యంలో ఎలా కలపాలో తెలిసింది. మిల్లు యజమానికి తన లెక్క దాచుకోవాలన్న సంగతి మొదటినుంచీ తెలుసు. ఈ చివరి జ్ఞానాన్ని మన విజ్ఞానశాస్త్ర చరిత్రలు జ్ఞానంగా గుర్తించవు.

ఈ సందర్భంలోనే మరియా ఒరోసా పేరు తలచుకోవాలి. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఔషధ రసాయనశాస్త్రం చదివి వచ్చి, బ్యూరోలో ఆహార పదార్థాలపై పనిచేసిన ఆమెను లోకం అరటిపండు కెచప్ కనిపెట్టిన మనిషిగా గుర్తుపెట్టుకుంది. పత్రికల్లో ఏటా వచ్చే స్మరణ వ్యాసాలన్నీ ఆ సీసా చుట్టూనే తిరుగుతాయి. ఆమె తవుడుతో, అక్కడి మాటలో 'దరాక్'తో, తినుబండారాలు చేసి బెరిబెరిని ఎదుర్కొనే దారి చూపింది. సోయా పిండితో చేసిన ఆహారం యుద్ధకాలంలో నిర్బంధ శిబిరాల్లో ఉన్నవారికి రహస్యంగా చేరింది. కరెంటు లేని ఇళ్లకోసం మట్టికుండతో పొయ్యి రూపొందించింది. ప్రయోగశాలనుండి వంటింటికి నడిచిన అరుదైన శాస్త్రవేత్త ఆమె. తవుడును సీసాలో మందుగా కాక పళ్లెంలో తిండిగా తిరిగి తేవాలనుకుంది. మరయజమాని అనుమతి గాని, పన్ను లెక్క గాని అవసరంలేని మార్గమది. 1945 ఫిబ్రవరి 13న మనీలా యుద్ధంలో ఫిరంగి గుళ్ల ముక్కలు తగిలి ఆమె చనిపోయింది. ఆ మార్గం ఎంతదూరం పోగలిగేదో తేల్చే పరిశోధన ఇంకా జరగవలసి ఉంది. గ్రామీణ స్త్రీల సంఘాల పత్రాలు, వంటపుస్తకాలు, మిల్లుల లైసెన్సు దస్తావేజులు, శిశు సంక్షేమ కేంద్రాల నమోదులు అందుకు ఆకరాలు. వాటిని చదవడానికి ఇంగ్లీషు ఒక్కటే చాలదు. స్పానిష్, తగలాగ్, ఇలోకానో కూడా కావాలి.

2000 సంవత్సరంలో ఫిలిప్పీన్స్ మరో ఆహార బలవర్ధక చట్టాన్ని చేసింది. గోధుమపిండికి విటమిన్ ఏ, ఇనుము; వంటనూనెకూ చక్కెరకూ విటమిన్ ఏ; బియ్యానికి ఇనుము తప్పనిసరి చేసింది. గోధుమ ఆ దేశంలో పండదు. దిగుమతయ్యే గోధుమను ఆడించే పెద్ద మిల్లులు వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్ని. పిండి విషయంలో చట్టం అమలైంది. వరి మిల్లులు వేల సంఖ్యలో పల్లెపల్లెనా ఉన్నాయి. బియ్యం విషయంలో అది వెనకబడిపోయింది.